మౌంటెన్ బైకు వెనుక టైరు ఎంపిక

మౌంటెన్ బైకు అనగా కొండదారులు, అడవి బాటలు, రాళ్ళు నిండిన నేలల మీద తొక్కడానికి ప్రత్యేకంగా తయారైన సైకిలు. దీని టైర్లు సాధారణ సైకిలు టైర్ల కంటె వెడల్పుగా, నేలను తాకే భాగమంతా రబ్బరు బుడిపెలతో ఉంటాయి. ఈ బుడిపెలు నేలను పట్టుకొంటాయి. అదే సమయంలో తొక్కేవాని శక్తిని కొంత హరిస్తాయి. పట్టు, వేగం అనే ఈ రెండు గుణాలలో ఒకటి పెరిగితే రెండవది సాధారణంగా తగ్గుతుంది. రెండూ కావాలి కాబట్టి, ముందు చక్రానికి పట్టు ఎక్కువగా ఉన్న టైరును, వెనుక చక్రానికి తేలికగా దొర్లే టైరును బిగించే పద్ధతి బాగా వ్యాప్తిలో ఉంది. ఈ పద్ధతికి గల కారణాలు, తేలికగా దొర్లే వెనుక టైరు లక్షణాలు, దాని వలన కలిగే లాభనష్టాలు ఈ వ్యాసంలో వివరించబడ్డాయి.

చరిత్ర

గాలి నింపిన టైరుకు మొదటి పేటెంటు 1840 దశకంలో స్కాట్లాండుకు చెందిన రాబర్ట్ విలియం థామ్సన్ పొందాడు. కాని అది వాడుకలోకి రాలేదు. 1888లో బెల్‌ఫాస్ట్ నగరంలో పశువైద్యుడుగా ఉన్న జాన్ బాయ్డ్ డన్‌లప్ తన కుమారుని మూడు చక్రాల సైకిలు కోసం గాలి టైరును మరల రూపొందించాడు. అంతవరకు సైకిళ్ళకు గట్టి రబ్బరు పట్టీలు ఉండేవి. మెత్తని గాలి టైరు సుఖంగా ఉండవచ్చును గాని వేగంగా పోదని చాలామంది భావించారు. 1889లో బెల్‌ఫాస్ట్‌లోని క్వీన్స్ కాలేజీ మైదానంలో జరిగిన పందేలలో విలియం హ్యూమ్ గాలి టైర్ల సైకిలుపై గెలుపొందడంతో ఆ అభిప్రాయం తప్పని తేలిపోయింది. ఎగుడుదిగుడు నేలమీద మెత్తని టైరే వేగవంతమైనది కావచ్చుననే ఈ సూత్రం మౌంటెన్ బైకులకు నేటికీ వర్తిస్తుంది.

1933లో అమెరికాలోని ష్విన్ సంస్థ 2.125 అంగుళాల వెడల్పు గల బెలూన్ టైర్ల సైకిళ్ళను ప్రవేశపెట్టింది. 1970 దశకంలో కాలిఫోర్నియా రాష్ట్రం మారిన్ కౌంటీలో కొందరు యువకులు ఆ పాత సైకిళ్ళను సేకరించి, టమల్పాయిస్ కొండ పరిసరాలలోని మట్టి దారులలో పై నుండి కిందికి తొక్కడం ప్రారంభించారు. 1976లో ఫెయిర్‌ఫాక్స్ పట్టణం సమీపంలో వారు మొదలుపెట్టిన పందేనికి రీప్యాక్ అని పేరు. ఆ సైకిళ్ళకు బ్రేకు వెనుక చక్రపు హబ్బులో ఉండేది. దిగువకు చేరేసరికి హబ్బులోని గ్రీజు కాలిపోయి, మరల నింపవలసి వచ్చేది. మరల నింపడం అనే అర్థంలోనే ఆ పేరు వచ్చింది. జో బ్రీజ్, గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ, టామ్ రిచీ మొదలైనవారు ఈ కాలానికి చెందినవారు. 1981లో స్పెషలైజ్డ్ సంస్థ విడుదల చేసిన స్టంప్‌జంపర్ పెద్ద ఎత్తున తయారైన తొలి మౌంటెన్ బైకుగా పేరు పొందింది.

తొలినాళ్ళలో రెండు చక్రాలకూ ఒకే రకం టైర్లు ఉండేవి. 1990 దశకంలో ముందు, వెనుక చక్రాలకు వేర్వేరు టైర్లు రావడం మొదలైంది. జపానుకు చెందిన పానారేసర్ సంస్థ ముందు చక్రానికి డార్ట్, వెనుక చక్రానికి స్మోక్ అనే టైర్లను తయారుచేసింది. స్మోక్ టైరుకు తెడ్ల వలె అడ్డంగా పేర్చిన పెద్ద బుడిపెలు ఉండేవి. వెనుక చక్రం సైకిలును తోసే చక్రం కాబట్టి దానికి నేలను తవ్వి పట్టుకొనే శక్తి ముఖ్యమని అప్పటి అభిప్రాయం. తరువాతి కాలంలో టైర్లు వెడల్పయ్యాయి, రబ్బరు మిశ్రమాలు మెరుగుపడ్డాయి, ట్యూబు లేని టైర్ల వలన తక్కువ గాలితో తొక్కడం సాధ్యమైంది. పట్టు కోసం ఎత్తైన బుడిపెలపైననే ఆధారపడే అవసరం తగ్గింది. దానితో వెనుక టైరును ప్రధానంగా వేగం కోసం ఎంచుకొనే ధోరణి బలపడింది.

దొర్లుడు నిరోధం

చక్రం నేలపై దొర్లుతున్నపుడు దాని కదలికను అడ్డగించే బలాన్ని దొర్లుడు నిరోధం అంటారు. పాఠ్యపుస్తకాలలో దొర్లుడు ఘర్షణ అనే పేరు కూడా కనిపిస్తుంది. సైకిలు టైరు విషయంలో ఇందులో అధిక భాగం ఉపరితలాల రాపిడి వలన కాక, రబ్బరు వంగి తిరిగి యథాస్థితికి వచ్చే క్రమంలో జరిగే శక్తి నష్టం వలన కలుగుతుంది.

ఒక రబ్బరు బంతిని మీటరు ఎత్తు నుండి వదిలితే అది తిరిగి మీటరు ఎత్తుకు లేవదు. నేలను తాకినపుడు నొక్కుకొనడానికి తీసుకొన్న శక్తినంతా అది తిరిగి ఇవ్వదు. కొంత వేడిగా మారిపోతుంది. ఈ ధర్మాన్ని శైథిల్యం అంటారు. సైకిలు చక్రం ఒక చుట్టు తిరిగేసరికి టైరులోని ప్రతి భాగమూ ఒకసారి నేలకు నొక్కుకొని తిరిగి సాగుతుంది. టైరు దళసరిగా ఉన్నా, బుడిపెలు ఎత్తుగా ఉండి అటూఇటూ వంగినా, రబ్బరు మరీ మెత్తగా ఉన్నా ఈ నష్టం పెరుగుతుంది.

దొర్లుడు నిరోధాన్ని ఈ క్రింది విధంగా లెక్కించవచ్చును.

* నిరోధ బలం = దొర్లుడు నిరోధ గుణకం × చక్రంపై ఉన్న భారం
* అందుకు ఖర్చయ్యే సామర్థ్యం = నిరోధ బలం × వేగం

ఉదాహరణకు మనిషి, సైకిలు కలిపి 90 కిలోలు ఉన్నారనుకొందాం. సమతలంపై కూర్చొని తొక్కుతున్నపుడు బరువులో సుమారు 60 శాతం వెనుక చక్రంపై పడుతుంది. అంటే 54 కిలోలు, బలంగా చెప్పాలంటే సుమారు 530 న్యూటన్లు. రెండు టైర్ల గుణకాల మధ్య తేడా 0.004 అనుకొంటే, నిరోధ బలంలో తేడా సుమారు 2.1 న్యూటన్లు. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో పోతున్నపుడు ఇది సుమారు 12 వాట్ల సామర్థ్యానికి సమానం. ఇదే మార్పును ముందు చక్రానికి చేస్తే, దానిపై 40 శాతం బరువే ఉన్నందున, ఆదా సుమారు 8 వాట్లు మాత్రమే.

12 వాట్లు చిన్న సంఖ్యగా కనిపించవచ్చును. కాని తీరికగా తొక్కే మనిషి ఎక్కువసేపు ఇవ్వగల సామర్థ్యం 100 నుండి 150 వాట్ల వరకు ఉంటుంది. అందులో ఇది పదవ వంతుకు దరిదాపు. అదే వేగంతో నాలుగు గంటలు తొక్కితే ఆదా అయ్యే శక్తి సుమారు 173 కిలోజౌళ్ళు. శరీరం ఆహారంలోని శక్తిలో నాలుగవ వంతును మాత్రమే పెడలుపై పనిగా మార్చగలదనుకొంటే, ఇది దాదాపు 165 కిలోకేలరీల ఆహారానికి సమానం. దూర ప్రయాణం చివరిలో అలసిన కాళ్ళకు ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది. అలసట వలన ఏకాగ్రత తగ్గి, దిగుడు దారులలో పొరపాట్లు జరుగుతాయి కాబట్టి ఇది కొంతవరకు భద్రతకు సంబంధించిన విషయం కూడా.

టైరు బరువుతో పోలిక

టైరు కొనేటప్పుడు చాలామంది మొదట చూసేది బరువు. కాని పై ఉదాహరణలోని సైకిలే 8 శాతం ఎగుడును గంటకు 7 కిలోమీటర్ల వేగంతో ఎక్కుతున్నపుడు 300 గ్రాముల బరువు తగ్గితే ఆదా అయ్యేది అర వాటు లోపే. అదే ఎగుడులో, అదే వేగంలో, తేలికగా దొర్లే వెనుక టైరు వలన ఆదా అయ్యేది సుమారు 4 వాట్లు. వేగం పుంజుకొనేటప్పుడు చక్రపు అంచున ఉన్న బరువు దాదాపు రెట్టింపు బరువుగా లెక్కకు వస్తుందన్నది నిజమే. అయినా మనిషి, సైకిలు కలిసిన మొత్తంలో అది చాలా స్వల్పం. కావున తక్కువ బరువు ఉన్న టైరల్లా వేగవంతమైనది అనుకోరాదు.

ముందు, వెనుక చక్రాల పనులు

తేలికగా దొర్లే టైరును వెనుక చక్రానికే ఎందుకు వేస్తారన్నది ఈ అంశంలో ముఖ్యమైన ప్రశ్న. బరువు వెనుక ఎక్కువగా ఉండడం వలన ఆదా ఎక్కువన్నది పైన చూశాము. దానికంటె ముఖ్యమైన కారణం మరొకటి ఉంది.

సైకిలు దిశను నిర్ణయించేది ముందు చక్రం. గట్టిగా బ్రేకు వేసినపుడు బరువు ముందుకు మళ్ళుతుంది కాబట్టి సైకిలును ఆపడంలో కూడా అధిక భాగం ముందు చక్రానిదే. మలుపులో ముందు చక్రం జారితే తొక్కేవానికి సర్దుకొనే వ్యవధి ఉండదు. చాలాసార్లు కింద పడడమే జరుగుతుంది. వెనుక చక్రం జారితే సైకిలు తోక కొంత పక్కకు పోతుంది. తొక్కేవాడు హ్యాండిలును అటువైపు తిప్పి, శరీర బరువును సర్దుకొని చాలాసార్లు నిలదొక్కుకోగలడు. ముందు చక్రం చేసే తప్పుకు శిక్ష పెద్దది, వెనుక చక్రం చేసే తప్పుకు శిక్ష చిన్నది. కావున వేగం కోసం పట్టును కొంత వదులుకొనవలసి వస్తే దానిని వెనుక చక్రం వద్దనే వదులుకొనడం వివేకం.

దీనికి విరుద్ధంగా, ముందు నున్నని టైరు, వెనుక ఎత్తైన బుడిపెల టైరు ఉండడం ప్రమాదకరం. వెనుక పట్టు దండిగా ఉన్నందున తొక్కేవాడు ధైర్యంగా మలుపు తిరుగుతాడు. హెచ్చరిక లేకుండా ముందు చక్రం జారిపోతుంది. వెనుక చక్రం కొంచెం ముందుగా జారడం తొక్కేవానికి ఒక హెచ్చరికగా ఉపయోగపడుతుంది.

తేలికగా దొర్లే టైరు లక్షణాలు

ట్రెడ్ అమరిక: నేలను తాకే భాగాన్ని ట్రెడ్ అంటారు. వేగవంతమైన వెనుక టైరులో మధ్య బుడిపెలు పొట్టిగా, సుమారు 2 నుండి 3 మిల్లీమీటర్ల ఎత్తులో, ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి. దగ్గరగా ఉండడం వలన చక్రం ఒక బుడిపె నుండి మరొక బుడిపెకు మెట్లు దిగినట్లు కాక నునుపుగా దొర్లుతుంది. బుడిపె ముందు అంచు ఏటవాలుగా చెక్కినట్లు ఉంటే దొర్లడం సులభం. వెనుక అంచు నిటారుగా ఉంటే బ్రేకు వేసినపుడు నేలను పట్టుకొంటుంది. మలుపులలో వంగినపుడు నేలను తాకేవి పక్క బుడిపెలు. నిటారుగా పోతున్నపుడు అవి నేలను తాకవు కాబట్టి అవి పెద్దవిగా ఉన్నా వేగానికి అంతగా నష్టం లేదు.

ఈ సూత్రం ఆధారంగా తయారైనవే అర్ధనునుపు టైర్లు. వీటి మధ్య భాగం దాదాపు నున్నగాను, పక్కలు ఎత్తైన బుడిపెలతోను ఉంటాయి. మాక్సిస్ సంస్థ మినియన్ ఎస్.ఎస్., ష్వాల్బె సంస్థ రాక్ రేజర్ ఈ కోవకు చెందినవి. గట్టి పొడి నేలపై ఇవి వేగంగా దొర్లుతూనే మలుపులలో నిలుస్తాయి. అయితే తడి గడ్డిపై ఎక్కేటప్పుడు, వదులు మట్టిలో బ్రేకు వేసినపుడు వీటి బలహీనత బయటపడుతుంది.

రబ్బరు మిశ్రమం: రబ్బరు మెత్తదనాన్ని షోర్ ఎ అనే కొలమానంతో కొలుస్తారు. సంఖ్య తగ్గేకొద్దీ రబ్బరు మెత్తనిదని అర్థం. మెత్తని రబ్బరు తడి రాళ్ళను బాగా పట్టుకొంటుంది గాని శక్తిని ఎక్కువగా మింగుతుంది, త్వరగా అరిగిపోతుంది. ఒకే పేరు గల టైరు పలు మిశ్రమాలలో దొరుకుతుంది. మాక్సిస్ సంస్థ మాక్స్‌స్పీడ్, మాక్స్‌టెర్రా, మాక్స్‌గ్రిప్ అనే పేర్లతోను, ష్వాల్బె సంస్థ అడిక్స్ మిశ్రమాలలో స్పీడ్, స్పీడ్‌గ్రిప్, సాఫ్ట్, అల్ట్రా సాఫ్ట్ అనే పేర్లతోను వీటిని సూచిస్తున్నాయి. రెండు వరుసలలోను పేర్లు వేగం నుండి పట్టు వైపు సాగుతాయి. వెనుక చక్రానికి వేగం కోరేవారు వరుసలోని మొదటి పేర్లను చూడవలెను. టైరు పేరు ఒక్కటే చూసి, మిశ్రమం చూడకుండా కొనడం తరచుగా జరిగే పొరపాటు.

కేసింగు: టైరు లోపలి నూలు పొరను కేసింగు అంటారు. అంగుళం వెడల్పులో ఉన్న దారాల సంఖ్యను టి.పి.ఐ. అని రాస్తారు. 120 టి.పి.ఐ. కేసింగులో సన్నని దారాలు ఉంటాయి కాబట్టి అది పలుచగా, సులభంగా వంగే విధంగా ఉంటుంది; 60 టి.పి.ఐ. కేసింగు దళసరి. పలుచని కేసింగు తేలికగా దొర్లుతుంది గాని పదునైన రాయి తగిలితే పక్క భాగం చిరిగే అవకాశం ఎక్కువ. బరువంతా మోసేది, రాళ్ళపై గట్టిగా గుద్దుకొనేది వెనుక చక్రమే కాబట్టి, పొట్టి బుడిపెలతో పాటు పక్క భాగానికి రక్షక పొర ఉన్న టైరు వెనుక చక్రానికి మేలైన రాజీ. బుడిపెలను తగ్గించుకొని వేగం పొందవచ్చును. కేసింగును మరీ పలుచన చేసుకొని పొందిన వేగం ఒక్క చిరుగుతో పోతుంది.

వెడల్పు, వ్యాసం: మౌంటెన్ బైకు చక్రాలు మూడు కొలతలలో ఉన్నాయి. రిమ్ముపై టైరు కూర్చొనే చోటి వ్యాసం 26 అంగుళాల చక్రానికి 559, 27.5 అంగుళాల చక్రానికి 584, 29 అంగుళాల చక్రానికి 622 మిల్లీమీటర్లు. టైరు పక్క భాగంపై ఈ సంఖ్య ముద్రించి ఉంటుంది. కొనేముందు ఈ సంఖ్య సరిపోయినదీ లేనిదీ చూసుకొనవలెను. పెద్ద చక్రం గుంటలపై సులభంగా దొర్లుతుంది.

సన్నని టైరు వేగవంతమైనదనే నమ్మకం మౌంటెన్ బైకుల విషయంలో సరికాదు. వెనుక చక్రంపై 530 న్యూటన్ల బలం, టైరులో 1.5 బార్ పీడనం ఉంటే నేలను తాకే వైశాల్యం స్థూలంగా 35 చదరపు సెంటీమీటర్లు. అదే పీడనంలో టైరు సన్నదైనా వెడల్పైనా ఈ వైశాల్యం దాదాపు అంతే. కాని సన్నని టైరులో ఈ ముద్ర పొడవుగా ఉంటుంది, టైరు ఎక్కువగా అణుగుతుంది. వెడల్పు టైరులో ముద్ర పొట్టిగా ఉండి, అణగడం తగ్గుతుంది. అందువలన ఒకే పీడనంలో వెడల్పు టైరు తేలికగా దొర్లుతుంది. క్రాస్‌కంట్రీ పందేలలో కూడా ఒకప్పటి 2 అంగుళాల టైర్ల స్థానంలో 2.35, 2.4 అంగుళాల టైర్లు రావడానికి ఇది ఒక కారణం.

గాలి పీడనం

టైరును ఎంత జాగ్రత్తగా ఎంచుకొన్నా, గాలి పీడనం సరిగా లేకపోతే ప్రయోజనం నెరవేరదు. తారు రోడ్డుపై పీడనం పెంచేకొద్దీ, ఒక హద్దు వరకు, దొర్లుడు నిరోధం తగ్గుతుంది. రాళ్ళ బాటపై పరిస్థితి వేరు. గట్టిగా గాలి కొట్టిన చక్రానికి సెంటీమీటరు ఎత్తు రాయి తగిలితే సైకిలు, మనిషి కలిసి ఆ మేరకు పైకి లేస్తారు. అలా లేపడానికి ఖర్చయ్యేది ముందుకు పోవలసిన శక్తే. శరీరం కుదుపులకు లోనై కండరాలలో మరికొంత శక్తి వృథా అవుతుంది. తక్కువ గాలి ఉన్న టైరు రాయి చుట్టూ వంగి దానిని తనలో ఇముడ్చుకొంటుంది. మనిషి పైకి లేవడు. కావున ఎగుడుదిగుడు నేలపై తక్కువ పీడనమే ఎక్కువ వేగం ఇస్తుంది.

75 కిలోల బరువున్న వ్యక్తి, సుమారు 2.3 అంగుళాల ట్యూబ్‌లెస్ టైర్లతో, వెనుక చక్రంలో 22 నుండి 26 పి.ఎస్.ఐ. వరకు, ముందు చక్రంలో అంతకంటె 2 లేక 3 తక్కువగా ఉంచి ప్రారంభించవచ్చును. ట్యూబు ఉన్న టైరైతే మరి 4 నుండి 6 పి.ఎస్.ఐ. పెంచవలసి ఉంటుంది. లేకపోతే రాయి తగిలినపుడు ట్యూబు రిమ్ముకు, రాయికి మధ్య నలిగి, పాము కాటు వలె పక్కపక్కనే రెండు రంధ్రాలు పడతాయి. రిమ్ము రాయికి తగిలిన చప్పుడు తరచుగా వినిపిస్తే గాలి పెంచవలెను. చక్రం రాళ్ళపై బంతి వలె ఎగురుతుంటే తగ్గించవలెను. టైరుపైనా రిమ్ముపైనా ముద్రించిన గరిష్ఠ పరిమితిని ఎన్నడూ దాటరాదు.

ట్యూబ్‌లెస్ టైర్లు, ముళ్ళు

1999లో మావిక్ సంస్థ, టైర్ల సంస్థలైన హచిన్‌సన్, మిషెలిన్‌లతో కలిసి యు.ఎస్.టి. అనే ట్యూబ్‌లెస్ పద్ధతిని ప్రవేశపెట్టింది. తరువాత టైరులో రబ్బరు పాల ద్రవాన్ని పోసే పద్ధతి వ్యాప్తిలోకి వచ్చింది. ముల్లు గుచ్చుకొన్నపుడు ఈ ద్రవం రంధ్రం వద్దకు చేరి గడ్డకట్టి దానిని మూసివేస్తుంది. ట్యూబుకూ టైరుకూ మధ్య రాపిడి, ట్యూబు వంగడంలో పోయే శక్తి రెండూ లేనందున దొర్లుడు నిరోధం కూడా కొంత తగ్గుతుంది. ట్యూబే కావాలనుకొనేవారికి సాధారణ బ్యూటైల్ ట్యూబు కంటె పలుచని లేటెక్స్ ట్యూబు తేలికగా దొర్లుతుంది.

మౌంటెన్ బైకు పుట్టిన అమెరికా పశ్చిమ రాష్ట్రాలలో సైకిలిస్టులను ఎక్కువగా బాధించే మొక్కకు అక్కడ పంక్చర్ వైన్, గోట్‌హెడ్ అనే పేర్లున్నాయి. దాని శాస్త్రీయ నామం ట్రిబ్యులస్ టెర్రెస్ట్రిస్. ఇది మన ప్రాంతంలోని పల్లేరు మొక్కే. పల్లేరు కాయ ఏ విధంగా పడినా ఒక ముల్లు పైకి నిలిచి ఉంటుంది. పల్లేరుతో పాటు తుమ్మ ముళ్ళు కూడా విస్తారంగా ఉండే తెలంగాణ, రాయలసీమ బాటలలో వేగం కోసం పలుచని వెనుక టైరు ఎంచుకొనేవారికి ఈ ద్రవం దాదాపు తప్పనిసరి. వేడి ప్రదేశాలలో ఇది త్వరగా ఎండిపోతుంది కాబట్టి రెండు మూడు నెలలకొకసారి చూసి, తిరిగి పోయవలసి ఉంటుంది.

నేలను బట్టి ఎంపిక

* గట్టి పొడి మట్టి, తారు రోడ్డు కలిసిన దారి: పొట్టి బుడిపెల క్రాస్‌కంట్రీ టైరు వెనుక చక్రానికి చాలును. మాక్సిస్ ఆస్పెన్, కాంటినెంటల్ రేస్ కింగ్, ష్వాల్బె థండర్ బర్ట్ ఇందుకు ఉదాహరణలు.
* రాతి బండలు, గట్టి నేలపై పలుచని ఇసుక, మొరం: మధ్య బుడిపెలు దగ్గరగా, పక్క బుడిపెలు దృఢంగా ఉన్న టైరు మేలు. విటోరియా మెజ్కాల్, మాక్సిస్ రెకాన్, ష్వాల్బె రేసింగ్ రాల్ఫ్ ఈ కోవలోనివి. దక్కను పీఠభూమిలోని గ్రానైటు గుట్టల బాటలు చాలావరకు ఈ రకానివే.
* నిటారైన, వదులు రాళ్ళతో నిండిన దిగుడు దారులు: ఇక్కడ వెనుక బ్రేకు వేగాన్ని అదుపులో ఉంచే సాధనం. పొట్టి బుడిపెల టైరు త్వరగా జారుతుంది. పక్క బుడిపెలు బలంగా ఉండి, కేసింగు దళసరిగా ఉన్న టైరు అవసరం.
* బురద, తడిసిన చెట్ల వేళ్ళు: ఎత్తుగా, దూరదూరంగా ఉన్న బుడిపెలు కావాలి. దగ్గరగా ఉన్న బుడిపెల మధ్య మట్టి నిండి టైరు నున్నగా మారిపోతుంది. నల్లరేగడి నేల తడిసినపుడు చక్రాలకు చుట్టుకొని ఏ టైరునైనా ఆపివేస్తుంది. అటువంటి రోజున ఆ దారిలో పోకుండడమే ఉత్తమం.

టైరును ఎంచుకొనేటప్పుడు ఏడాదిలో ఒకటి రెండు సార్లు పోయే కష్టమైన దారిని కాక, ఎక్కువ కాలం తొక్కే దారిని దృష్టిలో ఉంచుకొనవలెను. అయితే ఆ కష్టమైన దారికి పోయే రోజున వేగాన్ని తగ్గించుకొనడం మరువరాదు. విద్యుత్ మోటారు ఉన్న సైకిళ్ళకు ఈ లెక్క కొంత మారుతుంది. వాటి బరువు ఎక్కువ, సామర్థ్యానికి కొరత లేదు కాబట్టి వెనుక టైరు గట్టిదనానికే ప్రాధాన్యం ఇస్తారు.

పరీక్షలు

టైర్ల దొర్లుడు నిరోధాన్ని ప్రయోగశాలలో తిరిగే ఉక్కు డ్రమ్ముపై కొలుస్తారు. నెదర్లాండ్స్‌కు చెందిన బైసికిల్ రోలింగ్ రెసిస్టెన్స్ అనే వెబ్‌సైటు 42.5 కిలోల భారంతో, గంటకు 28.8 కిలోమీటర్ల వేగంతో పరీక్షించి ఫలితాలను ప్రకటిస్తున్నది. ఇటువంటి పరీక్షలలో వేగవంతమైన క్రాస్‌కంట్రీ టైరు ఒక్కొక్కటి సుమారు 20 వాట్ల పరిసరాలలోను, బరువైన డౌన్‌హిల్ టైర్లు 30 వాట్లకు పైగాను తీసుకొంటాయి. ఈ సంఖ్యలు ఒక టైరును మరొక టైరుతో పోల్చడానికి ఉపకరిస్తాయి. కాని డ్రమ్ముపై మనిషి కూర్చొని ఉండడు. రాళ్ళు తగిలినపుడు కలిగే కుదుపుల నష్టం ఆ లెక్కలో చేరదు. డ్రమ్ముపై పీడనం పెంచేకొద్దీ ఫలితం మెరుగుపడుతుంది. బాటపై అలా జరగదు.

ఇంటివద్దనే ఒక సులభమైన పరీక్ష చేయవచ్చును. కొద్దిపాటి వాలు, దాని చివర సమతలం ఉన్న మట్టిదారిని ఎంచుకొని, ఒక గుర్తు వద్ద నుండి పెడలు తొక్కకుండా, బ్రేకు వేయకుండా సైకిలును దొర్లనిచ్చి, అది ఆగిన చోటును గుర్తించాలి. గాలి వీచని సమయంలో, ఒకే భంగిమలో కూర్చొని, ఐదారుసార్లు చేసి సగటు తీసుకోవాలి. తరువాత వెనుక టైరును గాని, అందులోని పీడనాన్ని గాని మార్చి తిరిగి చేయాలి. ఒకసారికి ఒక్క అంశాన్నే మార్చాలి. ఒకే టైరుతో వేర్వేరు పీడనాలలో ఈ పరీక్ష చేస్తే, కొత్త టైరు కొనకుండానే కొంత వేగం లభించవచ్చును.

అరుగుదల, మార్పిడి

సైకిలును తోసేది, అధిక భారం మోసేది వెనుక టైరే కాబట్టి అది ముందు టైరు కంటె త్వరగా అరుగుతుంది. వెనుక బ్రేకును గట్టిగా పట్టి చక్రాన్ని ఈడ్చే అలవాటు బుడిపెలను త్వరగా తినివేస్తుంది. బాటలను కూడా పాడుచేస్తుంది. వెనుక టైరు అరిగినపుడు దానిని ముందుకు వేసి, ముందు టైరును వెనుకకు మార్చడం కొందరి అలవాటు. ఇది సరైన పద్ధతి కాదు. అరిగిన టైరు ముందు చక్రానికి ఎన్నడూ పోరాదు. కొత్త టైరును ముందు చక్రానికి వేసి, అక్కడ కొంత అరిగిన టైరును వెనుకకు మార్చడం మంచిది. అరిగి పొట్టిబడిన బుడిపెలు వెనుక చక్రం వద్ద తేలికగా దొర్లుతాయి కాబట్టి ఈ మార్పిడి వలన ఖర్చు లేకుండానే వేగవంతమైన వెనుక టైరు లభించినట్లవుతుంది. అయితే కేసింగు దారాలు బయటపడినా, బుడిపెల మొదళ్ళలో పగుళ్ళు కనిపించినా ఆ టైరును విడిచిపెట్టవలసిందే.

టైరును బిగించేటప్పుడు పక్క భాగంపై ఉన్న బాణపు గుర్తును గమనించవలెను. చక్రం తిరిగే దిశను అది సూచిస్తుంది. ఏటవాలు బుడిపెలు గల టైరును తిరగవేసి బిగిస్తే దొర్లడంలో నష్టం, బ్రేకు వేయడంలోనూ నష్టమే.

ఇవి కూడా చూడండి

* సైకిలు
* ఘర్షణ
* రబ్బరు
* టైరు
* పల్లేరు